సముద్రంలో పడ్డ మనిషి ఆచూకీ చెప్పే బీకన్: ఎవరికి ఏది పనికొస్తుంది, కొనే ముందు ఏం చూడాలి?

వేట ముగించుకుని బోటు రాత్రిపూట రేవుకు తిరిగొస్తోంది. వెనక అంచున నిలబడ్డ కలాసీ కాలు జారి నీళ్లలో పడ్డాడు. ఇంజిన్ చప్పుడులో కేక ఎవరికీ వినపడలేదు. బోటు 8 నాటికల్ మైళ్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 15 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఒక్క నిమిషంలో బోటుకూ అతనికీ మధ్య దూరం 250 మీటర్లు. అలల మధ్య మనిషి తల ఆ దూరంలో పగలే కనపడదు. ‘వాడేడీ?’ అని ఎవరో ఒకరు అడిగేసరికి అరగంట గడిస్తే దూరం 7 కిలోమీటర్లు దాటుతుంది.

ఇలాంటి సమయంలో ‘నేను ఇక్కడున్నాను’ అని చెప్పే చిన్న యంత్రమే బీకన్. చేతిలో పట్టేంత ఉంటుంది. లైఫ్ జాకెట్‌కు తగిలించుకోవచ్చు. అయితే మార్కెట్‌లో బీకన్లు ఒకే రకం కావు. అన్నీ ఒకే మనిషికి కబురు పంపవు. ఈ తేడా తెలియకుండా వేలకు వేలు పోసి కొంటే అవసరమైన రోజున అది ఎవరికీ వినపడని కేకే అవుతుంది.

ఈ సంగతి మనకెందుకు?

గుంటూరు, ప్రకాశం అంటే పత్తి, మిర్చి గుర్తొస్తాయి. కానీ గుంటూరు మిర్చి యార్డు నుంచి సూర్యలంక సముద్రం సుమారు 60 కిలోమీటర్లే. నిజాంపట్నం, సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నం అన్నీ ఈ రెండు జిల్లాల తీరమే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక ఇందులో ఎక్కువ భాగం బాపట్ల జిల్లాలోకి వెళ్లింది.

వేట మత్స్యకారులదే అయినా సముద్రం మీద ఆధారపడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బోటు ఇంజిన్ బాగుచేసే మెకానిక్కు, కలాసీగా కుదిరినవాడు, మర్చెంట్ నేవీలో చేరిన కుర్రాడు, గల్ఫ్ రేవుల్లో టగ్గుల మీద పనిచేసేవాడు మన ఇళ్లలోనూ ఉంటారు. బోటు నడిపే మనిషిని పిలిచే ‘సరంగు’ ఫారసీ నుంచి, ‘కలాసీ’ అరబీ నుంచి వచ్చిన మాటలే. నేల మీద పంట పోతే మరుసటి ఏడు చూసుకుంటాం. నీళ్లలో మనిషి పోయి, శవం కూడా దొరక్కపోతే ఆ ఇల్లు ఏళ్ల తరబడి ఎటూ కాకుండా నిలిచిపోతుంది.

మొదటి ప్రశ్న: కాపాడడానికి ఎవరు రావాలి?

ఏ కంపెనీ మంచిది, ధర ఎంత అన్నవి తర్వాతి ప్రశ్నలు. ముందు తేల్చుకోవాల్సింది, పడ్డ మనిషి దగ్గరికి ఎవరు త్వరగా చేరగలరన్నది.

చాలాసార్లు దీనికి జవాబు ‘సొంత బోటే’. అది పది నిమిషాల దూరంలో ఉంటుంది. కోస్ట్ గార్డ్ ఓడ గానీ హెలికాప్టర్ గానీ రావడానికి గంటలు పట్టొచ్చు. అయితే సొంత బోటు వినాలంటే బోటులో వినే పరికరం ఉండాలి. అది లేకపోతే, లేదా బోటే మునిగిపోతే, ఆకాశంలో ఉపగ్రహమే దిక్కు.

కాబట్టి వ్యక్తిగత బీకన్లను రెండు కుటుంబాలుగా చూడొచ్చు. ఒకటి చుట్టుపక్కల బోట్లకు చెప్పేది. రెండోది ఉపగ్రహానికి చెప్పేది.

ఏఐఎస్ బీకన్: దగ్గరి బోట్లకు

ఏఐఎస్ అంటే ఓడలు తమ స్థానాన్ని రేడియో ద్వారా ఒకదానికొకటి తెలుపుకునే పద్ధతి. పడ్డ మనిషి దగ్గరుండే ఏఐఎస్ బీకన్ కూడా అదే రేడియోలో, జీపీఎస్ స్థానంతో సహా, నిమిషానికి ఒక విడత సందేశాలు పంపుతుంది. బోటులోని తెర మీద అతనున్న చోటు గుర్తుగా కనపడుతుంది. దాని నంబర్ 972 అంకెలతో మొదలవుతుంది. 972 కనపడితే నీళ్లలో మనిషి ఉన్నాడని సరంగుకు తెలియాలి.

దీని బలం వేగం. మధ్యలో ఏ ఆఫీసూ లేదు. మనిషి కొట్టుకుపోతున్నా తెర మీద గుర్తు అతనితోపాటే కదులుతుంది. గాలితో ఉబ్బే లైఫ్ జాకెట్‌లో అమర్చితే, జాకెట్ ఉబ్బగానే తనంతట తాను మొదలయ్యే మోడళ్లు ఉన్నాయి. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడికి ఇది పెద్ద ఆసరా. కొన్ని మోడళ్లు బోటులోని వీహెచ్ఎఫ్ రేడియోకు డీఎస్‌సీ పద్ధతిలో అలారం కూడా పంపుతాయి.

బలహీనత దూరం. యాంటెన్నా నీటి మట్టానికి కాస్త పైన మాత్రమే ఉంటుంది కాబట్టి బోటు స్తంభం మీద మంచి యాంటెన్నా ఉన్నా సిగ్నల్ సుమారు 4 నాటికల్ మైళ్లే, అంటే 7 కిలోమీటర్ల పైచిలుకే అందుతుంది. మొదట చెప్పుకున్న లెక్క గుర్తు చేసుకోండి. మనిషి పడ్డ సంగతి అరగంట దాకా తెలియకపోతే బోటు ఆ హద్దు దగ్గరికి వెళ్లిపోయినట్టే. అందుకే తెర ఉంటే చాలదు, అలారం మోగాలి, ఆ మోత ఇంజిన్ చప్పుడును దాటి వినపడాలి.

ఇది పనిచేస్తుందనడానికి ఉదాహరణ ఉంది. 2014 మార్చి చివర్లో పసిఫిక్ మహాసముద్రంలో క్లిప్పర్ ప్రపంచ తెరచాప పోటీలో ఒక నావికుడు తుఫాను గాలుల్లో నీళ్లలో పడిపోయాడు. సుమారు గంటా నలభై నిమిషాల తర్వాత అతన్ని సజీవంగా సొంత పడవలోకే లాగారు. పడవ వాళ్లకు దారి చూపింది అతని దగ్గరున్న ఏఐఎస్ బీకనే.

పీఎల్‌బీ: ఉపగ్రహానికి

పర్సనల్ లొకేటర్ బీకన్‌ను పీఎల్‌బీ అంటారు. ఇది 406 మెగాహెర్ట్జ్ మీద కాస్పాస్-సార్శాట్ ఉపగ్రహాలకు సందేశం పంపుతుంది. అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్స్ కలిసి మొదలుపెట్టిన ఈ వ్యవస్థ 1982 నుంచి ప్రాణాలు కాపాడుతోంది. భారత్‌కు సంబంధించిన సందేశాలు బెంగళూరులో ఇస్రో నడిపే ఇండియన్ మిషన్ కంట్రోల్ సెంటర్‌కు వస్తాయి. అక్కడి నుంచి కోస్ట్ గార్డ్ సముద్ర రక్షణ సమన్వయ కేంద్రానికి వెళ్తాయి. మన తీరానికి అది చెన్నై కేంద్రం.

పీఎల్‌బీకి నెలవారీ చందా లేదు. ఒడ్డు నుంచి ఎంత దూరమైనా పనిచేస్తుంది. జీపీఎస్ ఉన్నదైతే స్థానాన్ని 100 మీటర్ల తేడాలో చెబుతుంది. జీపీఎస్ లేని పాతరకమైతే తేడా కిలోమీటర్లలో ఉండొచ్చు. కాబట్టి జీపీఎస్ లేని పీఎల్‌బీ కొనొద్దు. మొదలైన తర్వాత కనీసం 24 గంటలు పనిచేయాలన్నది ప్రమాణం.

దీనికి రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది, మామూలు పీఎల్‌బీని చేత్తోనే మొదలుపెట్టాలి. యాంటెన్నా విప్పి, బటన్ నొక్కి, నీటికి పైన ఆకాశం వైపు పట్టుకోవాలి. స్పృహ లేనివాడు ఇది చేయలేడు. రెండోది, దీని సందేశం సొంత బోటుకు నేరుగా చేరదు. మీ వాడు నీళ్లలో ఉన్న సంగతి చెన్నైకి ముందు తెలిసి, అరకిలోమీటరు దూరంలో ఉన్న సరంగుకు తెలియకపోవచ్చు.

పీఎల్‌బీ, ఏఐఎస్ రెండూ ఒకే డబ్బాలో ఉన్న మోడళ్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిలో కొన్నింటికి ‘మీ సందేశం అందింది’ అని దీపం వెలిగించి చెప్పే సదుపాయం ఉంది. గెలీలియో ఉపగ్రహాల ద్వారా నడిచే ఈ సేవ 2020లో మొదలైంది. ఒంటరిగా నీళ్లలో తేలుతున్న మనిషికి ఆ దీపం ఇచ్చే ధైర్యం చిన్నది కాదు. డబ్బు పెట్టగలిగితే ఈ రకమే మేలు.

బోటు పరికరాలు వేరు, మనిషి పరికరాలు వేరు

చాలామంది ఇక్కడే పొరబడతారు. ‘బోటుకు గవర్నమెంటు యంత్రం పెట్టారు కదా, ఇంక మనిషికెందుకు?’ అంటారు. బోటుకు పెట్టేవి ఇవి:

ఈపీఐఆర్‌బీ: ఇదీ 406 మెగాహెర్ట్జ్ బీకనే. కానీ ఓడ పేరిట నమోదవుతుంది, నీటిపై నిటారుగా తేలుతుంది, కనీసం 48 గంటలు పనిచేస్తుంది. 2018 సెప్టెంబర్‌లో గోల్డెన్ గ్లోబ్ పోటీలో హిందూ మహాసముద్రం నడుమ పడవ స్తంభం విరిగి, వెన్నుకు గాయమై కదల్లేకపోయిన భారత నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ ప్రమాద సంకేతాన్ని దీనితోనే పంపారు. మూడు రోజులకు ఫ్రెంచ్ ఓడ ఓసిరిస్ ఆయన్ను చేరుకుంది.

డాట్: ఇస్రో తయారుచేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్. 2010 నుంచి వాడుకలో ఉంది. 2024లో వచ్చిన రెండో తరం డాట్‌లో, పంపిన ప్రమాద సందేశం అందిందని తిరిగి జవాబు కూడా వస్తుంది.

ట్రాన్స్‌పాండర్: ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద దేశవ్యాప్తంగా లక్ష బోట్లకు ఉచితంగా అమర్చే పథకం 2024 ఆగస్టు 30న మొదలైంది. సెల్ టవర్ లేని చోట కూడా ‘నభమిత్ర’ యాప్ ద్వారా ఒడ్డుతో సందేశాలు నడుస్తాయి. తుఫాను హెచ్చరికలు అందుతాయి.

ఇవన్నీ బోటుతోపాటు ముందుకు పోతాయి. నీళ్లలో పడ్డవాడు వెనకే ఉండిపోతాడు. అందుకే రెండూ కావాలి. అయితే ముందు బోటుకు ఇవి ఉన్నాయో లేదో చూసి, ఆ తర్వాతే సొంత డబ్బు ఖర్చుపెట్టడం మంచిది.

ఎవరికి ఏది?

ఒడ్డుకు దగ్గరలో తిరిగే చిన్న ఫైబర్ బోటు: ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఏఐఎస్ తెర సాధారణంగా ఉండదు. కాబట్టి ఒంటి ఏఐఎస్ బీకన్ ఇక్కడ దండగ. మొదటి ఖర్చు లైఫ్ జాకెట్, ఈల, నీళ్లలో వెలిగే దీపం. రెండోది ఇంజిన్ ఆపే తాడు. నడిపేవాడి నడుముకో చేతికో కట్టుకుంటే, అతను పడగానే ఇంజిన్ ఆగిపోతుంది. బోటు వదిలి వెళ్లిపోదు. తర్వాత బోటుకు డాట్ గానీ ట్రాన్స్‌పాండర్ గానీ. ఇంకా డబ్బుంటే ఒక పీఎల్‌బీ.

రోజుల తరబడి వేటకు పోయే మరబోటు: దేశంలో 20 మీటర్లు, అంతకు మించి పొడవున్న బోట్లకు ఏఐఎస్ తప్పనిసరి. అంతకు చిన్న బోటులో అది ఉందో లేదో యజమానిని అడగండి. ఉంటే, అలారంతో సహా పనిచేస్తుంటే, డెక్ మీద పనిచేసే కలాసీలకు ఏఐఎస్ బీకన్ మేలు. లేకపోతే ఏఐఎస్, పీఎల్‌బీ కలిసి ఉన్నది కొనాలి. సొంత బోటుకు వినపడకపోయినా దారిన పోయే పెద్ద ఓడకు వినపడుతుంది, ఉపగ్రహానికి ఎలాగూ వినపడుతుంది.

మర్చెంట్ నేవీ, గల్ఫ్ టగ్గులు: పెద్ద ఓడల్లో ఏఐఎస్, ఈపీఐఆర్‌బీ ఉంటాయి. కానీ ప్రతి నావికుడికీ విడిగా బీకన్ ఇవ్వాలని అంతర్జాతీయ సోలాస్ నిబంధనల్లో లేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు ‘డెక్ పనికి బీకన్ ఇస్తారా?’ అని కంపెనీని అడగడం తప్పు కాదు. సొంతంగా తీసుకెళ్లాలంటే కెప్టెన్ అనుమతి తీసుకోవాలి.

వారాంతంలో సూర్యలంక, వాడరేవు స్నానాలకు పోయే కుటుంబాలకు బీకన్ అక్కర్లేదు. అక్కడ ప్రాణాలు పోయేది నిమిషాల్లో. బీకన్ ఆ నిమిషాలను ఆపలేదు. పిల్లల చెయ్యి వదలకపోవడం, హెచ్చరిక జెండా దాటకపోవడమే అక్కడి మందు.

సెల్‌ఫోన్ చాలదా?

ఒడ్డు దాటి కొన్ని కిలోమీటర్లు పోయాక సిగ్నల్ ఉండదు. తడి వేళ్లకు తెర పనిచేయదు. తాళం చెవులకు తగిలించుకునే బ్లూటూత్ ట్రాకర్లు దగ్గర్లో వేరే ఫోన్లు ఉంటేనే ఆచూకీ చెబుతాయి. నడి సముద్రంలో అవి బొమ్మలే.

కొనే ముందు చూడాల్సినవి

దేశం కోడ్: ప్రతి 406 బీకన్‌లో ఒక దేశం కోడ్ ఉంటుంది. భారత్‌ది 419. యూఏఈది 470. దుబాయ్ నుంచి బావమరిది తెచ్చిన పీఎల్‌బీ మోగితే కంప్యూటర్ దాన్ని యూఏఈ బీకన్ అనుకుని అక్కడి రికార్డులు వెతుకుతుంది. కాబట్టి భారత కోడ్‌తో కొనండి, లేదా డీలర్ చేత మార్పించండి.

నమోదు: బీకన్ మీద 15 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని ఇండియన్ మిషన్ కంట్రోల్ సెంటర్ దగ్గర పేరు, బోటు వివరాలు, ఇంటి ఫోన్ నంబర్లతో నమోదు చేయించాలి. నమోదు ఉంటే రక్షణ కేంద్రం వెంటనే ఇంటికి ఫోన్ చేసి ‘మీ వాడు ఏ బోటులో, ఎప్పుడు బయల్దేరాడు?’ అని అడుగుతుంది. ఫోన్ నంబర్ మారితే నమోదులోనూ మార్చాలి.

బ్యాటరీ: సాధారణంగా 5 నుంచి 7 ఏళ్లు. గడువు తేదీ డబ్బా మీద ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో చౌకగా వచ్చేది చాలావరకు గడువు దగ్గరపడిందే.

పాత ఫ్రీక్వెన్సీ: 121.5 మెగాహెర్ట్జ్ ఒక్కటే ఉన్న పాత బీకన్లను 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు వినడం లేదు. ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

అనుమతులు: ఇది రేడియో పరికరం. దేశంలో అమ్మడానికి, వాడడానికి వైర్‌లెస్ అనుమతి ఉందో లేదో డీలర్‌ను అడిగి కాగితం తీసుకోండి. శాటిలైట్ ఫోన్లు, ఉపగ్రహ మెసెంజర్ల సంగతి వేరు. టెలికాం శాఖ అనుమతి లేకుండా వాటిని దేశంలోకి తెస్తే కేసు అవుతుంది.

తేలుతుందా: కొన్ని పీఎల్‌బీలు సంచి లేకుండా తేలవు. జాకెట్‌కు తాడుతో కట్టే ఉంచాలి.

ధర: విదేశీ మార్కెట్‌లో సుమారు 300 నుంచి 500 డాలర్లు. కస్టమ్స్ సుంకం కాక 25 వేల నుంచి 45 వేల రూపాయల దాకా పడుతుంది. కలాసీ ఒక్కడే భరించేది కాదు. బోటు యజమాని, కలాసీలు కలిసి వేసుకుంటే ముందు ఒకటి కొని, రాత్రి కాపలా ఉన్నవాడు కట్టుకునేలా చూడొచ్చు.

పడ్డాక ఏం చేయాలి?

నీళ్లలో ఉన్నవాడు ముందు జాకెట్ ఉబ్బిందో లేదో చూసుకోవాలి. తర్వాత బీకన్ మొదలుపెట్టాలి. ఒకసారి మొదలుపెడితే ఆపకూడదు. బోటు వెనక ఈదకూడదు, బలం దాచుకోవాలి. బంగాళాఖాతం నీళ్లు వెచ్చన. చలికి వెంటనే చనిపోయే సముద్రం కాదు. ఇక్కడ ప్రాణం తీసేది అలసట. జాకెట్ లేకపోతే బీకన్ పట్టుకునే చెయ్యే ఈదాల్సి వస్తుంది. జాకెట్ ముందు, బీకన్ తర్వాత అనేది అందుకే.

బోటులో ఉన్నవాళ్లు వెంటనే జీపీఎస్‌లో ఆ చోటును గుర్తు పెట్టాలి. తేలేవి ఏవైనా విసరాలి. ఒకడు వేలు చూపిస్తూ కళ్లు తిప్పకుండా పడ్డవాడినే చూడాలి. వీహెచ్ఎఫ్ ఛానల్ 16లో పిలవాలి. గంటకు ఒక నాటికల్ మైలు ప్రవాహం ఉన్నా మూడు గంటల్లో మనిషి ఐదున్నర కిలోమీటర్లు కొట్టుకుపోతాడు. ‘మనమే వెతుకుదాం, తర్వాత చెబుదాం’ అని ఆగితే ఆ గంటలే చేజారతాయి.

ఇంట్లో ఉన్నవాళ్లు కోస్ట్ గార్డ్ నంబర్ 1554ను గోడ మీద రాసిపెట్టుకోవాలి. నిజాంపట్నంలో కోస్ట్ గార్డ్ స్టేషన్ ఉంది. తీరప్రాంత పోలీసుల నంబర్ 1093. బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, సరంగు ఫోన్, బీకన్ 15 అక్షరాల సంఖ్య ఒక కాగితం మీద ఉండాలి. బీకన్ పొరపాటున మోగితే దాచిపెట్టకుండా అదే నంబర్‌కు చెప్పాలి.

ఆచూకీ దొరక్కపోతే ఇంటికి మిగిలేది

2017 నవంబర్ చివరి ఓఖీ తుఫానులో కేరళ, కన్యాకుమారి తీరాల నుంచి వెళ్లిన ఎందరో మత్స్యకారుల శవాలు కూడా దొరకలేదు. అలాంటి ఇంటి కష్టం ఏమిటో మన కుటుంబాలకు విడిగా చెప్పాలి.

శవం లేకపోతే మరణ ధ్రువపత్రం అంత తేలిగ్గా రాదు. ఏడేళ్లపాటు కబురు లేని మనిషిని చనిపోయినట్టు భావించవచ్చని భారతీయ సాక్ష్య అధినియం 111వ సెక్షన్ చెబుతోంది. పాత సాక్ష్య చట్టంలో ఇది 108వ సెక్షన్. మత్స్య సంపద యోజన బీమాలో ప్రమాద మరణానికి 5 లక్షల రూపాయలు ఉన్నా, మరణం రుజువు కావాలంటే కాగితం కావాలి. ఆస్తి పంపకం కూడా ఆగిపోతుంది.

భార్య పరిస్థితి ఇంకా కష్టం. షరియత్ పరిభాషలో ఆచూకీ లేని భర్తను మఫ్ఖూద్ అంటారు. ఆమె బేవా కాదు, కాపురం ఉన్నదీ కాదు. 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టం ప్రకారం భర్త జాడ నాలుగేళ్లు తెలియకపోతే ఆమె కోర్టుకు వెళ్లవచ్చు. డిక్రీ వచ్చినా ఆరు నెలల దాకా అమల్లోకి రాదు. ఈ లోపు భర్త తిరిగొచ్చి కాపురానికి సిద్ధమని కోర్టును ఒప్పిస్తే డిక్రీ రద్దవుతుంది. హనఫీ ఫిఖ్‌హ్‌లో ఈ వేచి ఉండే కాలం చాలా ఎక్కువ. మాలికీ మతం ప్రకారం నాలుగేళ్లను అంగీకరించవచ్చని మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ వంటి ఉలమా చెప్పిన తర్వాతే ఈ చట్టానికి దారి పడింది. ఇద్దత్, వారసత్వం విషయాల్లో వకీలును, ముఫ్తీ సాబ్‌ను ఇద్దరినీ అడగాలి.

బీకన్ ప్రతి ప్రాణాన్నీ కాపాడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ మనిషి ఎక్కడున్నాడో చెబుతుంది. సమయానికి అందితే ప్రాణం దక్కుతుంది. అందకపోతే కనీసం జనాజా నమాజుకు మనిషి దక్కుతాడు, ఇంట్లో ఆడమనిషికి ఏళ్ల ఎదురుచూపు తప్పుతుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉండే ఆ రోజుల్లోనే జాకెట్లు తీసి చూడడం, బ్యాటరీ తేదీ సరిచూడడం, బీకన్ నమోదు పూర్తిచేయడం వీలవుతుంది. జూన్ 15న బోటు కదిలాక ఆ తీరిక ఉండదు.